నిమ్మకాయ పక్కన ఉడుము వీరుడు

ఎదురింటి అత్త పోయిన సంగతి నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. పుదుచ్చేరి పక్క కిరుమాంబాక్కంలో ప్లాస్టిక్ కవర్లు చేసే ఫ్యాక్టరీలో నా పని. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరి పెట్టెలో పెట్టి పోవాలి. మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చి చూస్తే అమ్మ ఫోన్ మీద ఫోన్ చేసి ఉంది. తిరిగి చేశాను. "అత్త పోయిందిమే. నిద్రలోనే. పొద్దున లేపతే లేవలా," అంది అమ్మ ఏడుస్తూ.

వెంటనే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి సెలవు అడిగాను.

"ఎవురు పోయినారు?"

"ఎదురింటి అత్త."

"సొంత అత్తా?"

"ఎదురింటి అత్త అని చెప్తాండా కదా సార్."

"ఎదురింటోళ్ళకి లీవు ఇచ్చేదానికి రూల్ లేదుమా. ఈరోజు ఎదురిల్లు అంటావు, రేపు పక్క వీధి అంటావు."

నేను గ్లౌజులు తీసి ఆయన బల్ల మీద పడేశాను. ఆ తర్వాత ఏమన్నానో ఇక్కడ రాయను, పెద్దవాళ్ళు కూడా చదువుతారు. కడలూరు రోడ్డులో బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆయన్ని లోపల్లోపల తిడుతూనే ఉన్నాను. నాకు కోపం ఎక్కువ. అత్త ఎప్పుడూ అనేది: "నీకు నోటికంటే ముందు ముక్కు మాట్లాడతాదిమే."

ఆమె నాకు ఏమవుతుందో ఆ మనిషికి చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు అక్షరాలు నాకు వచ్చింది ఆమె దగ్గరే. తమాషా ఏమిటంటే, ఆమెకి ఒక్క అక్షరం కూడా రాదు.

మా పుదుచ్చేరి ఇళ్ళలో తెలుగు నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. బడిలో నేర్చింది తమిళం. అత్తదీ అదే కథ. వాళ్ళది బజారులో గాజుల కొట్టు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు నెల్లూరు నుంచి గాజుల పెట్టెలు వచ్చేవట. దారిలో గాజులు పగలకుండా అక్కడి వ్యాపారి మధ్య మధ్యలో పాత పుస్తకాలు కుక్కి పంపేవాడు. పెట్టె విప్పగానే ఇంట్లో అందరూ ఎన్ని గాజులు పగిలాయా అని చూస్తే, ఈమె కుక్కిన కాగితాల కోసం చెయ్యి పెట్టేది. అట్లా దొరికాడు ఆమెకి ఉడుము వీరుడు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఉడుము వీరుడు పగలు బ్యాంకులో గుమాస్తా. ఊరికి ఆపద వస్తే ఆకుపచ్చ ముసుగు తగిలించుకుని, వీపుకి పసుప్పచ్చ గుడ్డ కట్టుకుని, ప్యాంటు మీద ఎర్ర చడ్డీ వేసుకుని గోడలెక్కుతాడు. ఎగరలేడు. కళ్ళలోంచి నిప్పులు రావు. పట్టుకుంటే వదలడు, ఆయనకున్న శక్తి అదొక్కటే. పరదేశపు వీరుల్ని చూసి ఎవరో మనవాళ్ళు చవగ్గా అచ్చేసిన బొమ్మల పుస్తకం అది. రంగులన్నీ గీతలు దాటి పక్కకి పారిపోయి ఉంటాయి.

"చడ్డీ పైన ఎందుకేసుకుంటాడత్తా?" అని ఒకసారి అడిగాను.

"కొత్త చడ్డీ కొనింటాడు. లోపలేసుకుంటే ఎవురికి కనిపిస్తాది?" అంది.

పుస్తకాలతో పాటు అప్పట్లో బహుమతులు కూడా వచ్చేవి. రేకు బిళ్ళ, అట్ట ముసుగు, అంటించుకునే బొమ్మలు. అన్నిటినీ గాజుల పెట్టెల్లోనే దాచింది. ఏదైనా కావాలంటే గాజుల సైజు చెప్పేది. "ముసుగు రెండు-ఎనిమిదిలో ఉండాది. బిళ్ళ రెండు-నాలుగులో చూడు." చిన్నపిల్లల గాజుల పెట్టెలో విలన్లను పెట్టింది. ఎందుకంటే, "ఇరుకులో ఉండనీ నాయాళ్ళని," అంది.

పదో తరగతి అయ్యాక నేను చదువు మానేసి ఆ కొట్లో పనికి కుదిరాను. బేరం లేనప్పుడు అత్త ఒక పుస్తకం నా ముందుకు తోసింది. "దీంట్లో ఏమి రాసుందో చూడుమే." నాకూ రాదు కదా. రాదని ఒప్పుకోవడానికి ముక్కు అడ్డమొచ్చింది. ఫోన్‌లో అక్షరాల పట్టిక పెట్టుకుని పట్టుబట్టి కూర్చున్నాను. ఆ పుస్తకాల్లో అన్నిటికంటే పెద్దగా రాసి ఉండేవి దెబ్బల చప్పుళ్ళు. అందుకని నేను మొదట నేర్చుకున్న అక్షరం అ కాదు, ఢ. ఢాం. ఢమాల్. ఢిష్యుం. లోకమంతా అమ్మతో మొదలుపెడితే నేను గుద్దుతో మొదలుపెట్టాను, అందుకే ఇట్లా తయారయ్యానని మా అమ్మ నమ్మకం.

కూడబలుక్కుని చదవడం వచ్చిన రోజు పెద్ద రభస అయింది. అక్షరాలు రాకపోయినా ఆ బొమ్మలన్నీ చూసి అత్త తన కథ తను అల్లుకుని ఉంది. అందులో నల్ల కోటు వేసుకున్న ఒక మీసాల లావుపాటి మనిషి ప్రతి పుస్తకంలోనూ వచ్చి వీరుణ్ణి చితక్కొడుతుంటాడు. ఆయన వీరుడి మేనమామ అని ఆమె లెక్క.

"మేనమామ కాదత్తా. శత్రువు. ఇదిగో, 'నా బద్ధశత్రువా' అని రాసుంది."

"మేనమామ శత్రువు కాకూడదని యాడ రాసుంది?"

"అత్తా, వాడు ఇతన్ని చంపాలని చూస్తాండాడు!"

"చంపేవాడైతే ఇన్ని పుస్తకాల్లో ఒక్కసారి కూడా చంపకుండా ఉంటాడా? కొడతాడు, వదిలేస్తాడు. కండిప్పా మేనమామే, అనుమానమే లేదు. రాసినోడికి తెలీలా."

అచ్చులో ఉన్నదాన్ని అచ్చులో ఉందని భయపడని మనిషిని నేను మొదటిసారి చూశాను.

కానీ ఆమెని నిజంగా తొలిచింది ఒకటుంది. ఆమె దగ్గరున్న చివరి పుస్తకంలో, చివరి పేజీలో, ఉడుము వీరుడు లైట్‌హౌస్ అంచు నుంచి ఒంటిచేత్తో వేలాడుతున్నాడు. కింద సముద్రం, పైన గాలివాన. ఆ తర్వాతిది ఆఖరి సంచిక. అది రాలేదు. వాళ్ళ నాయన నెల్లూరు వ్యాపారితో గొడవపడి ఇంకొకరి దగ్గర సరుకు మొదలుపెట్టాడు. కొత్తాయన పుస్తకాలు కుక్కేవాడు కాదు, వరిగడ్డి కుక్కేవాడు. "నా కథని గడ్డి మింగేసిందిమే," అనేది అత్త. ఆమెకి పెళ్ళయింది, కూతురు పుట్టింది, మొగుడు పోయాడు, కొట్టు రెండుసార్లు చేతులు మారబోయి ఆగింది. వాడు మాత్రం వేలాడుతూనే ఉన్నాడు. బీచ్ రోడ్డులో పాత లైట్‌హౌస్ దాటేటప్పుడు ఆమె తప్పకుండా తలెత్తి చూసేది. "ఉండాడా?" అని నేను ఏడిపిస్తే, "పావం, ఇంకా పట్టుకోనే ఉండాడు," అనేది.

నేను ఫ్యాక్టరీలో చేరాక కూడా సాయంత్రాలు ఆ కొట్లోనే ఉండేదాన్ని. ఆఖరి సంచిక ఎవరి దగ్గరైనా ఉంటుందేమోనని నేనే ఆమెని ఫోన్‌లో పాత బొమ్మల పుస్తకాలవాళ్ళ గ్రూపులో చేర్చాను. గుంటూరు వాళ్ళున్నారు, మదురై వాళ్ళున్నారు, సింగపూర్, మారిషస్ వాళ్ళు కూడా ఉన్నారు. తమ తమ పుస్తకాలు, బిళ్ళలు, బొమ్మలు ఫోటో తీసి పెట్టి ముచ్చట్లాడుకుంటారు. మన బిళ్ళ ఫోటో తీద్దామని నేను సిద్ధం చేస్తే అత్త ఆపింది. గల్లాపెట్టె మీద గాజుగ్లాసులో నీళ్ళల్లో తేలుతున్న నిమ్మకాయని తీసి, తుడిచి, బిళ్ళ పక్కన పెట్టింది.

"ఇదెందుకత్తా?"

"ఇన్ని ఊర్ల కండ్లు పడతాయి కదా. ఈ ఊరి కండ్లే తట్టుకోలేకపోతాండాము."

ఆ రోజు మొదలు నిమ్మకాయ లేకుండా ఒక్క ఫోటో పోలేదు. పుస్తకం, నిమ్మకాయ. ముసుగు, నిమ్మకాయ. గ్రూపులో ఎవరో కొత్తాయన, 'పక్కన నిమ్మకాయ ఎందుకండీ?' అని అడిగాడు. మేం జవాబు ఇచ్చేలోపే మదురై ఆయన రాశాడు: 'సైజు తెలియడానికి. మంచి పద్ధతి.' అంతే. వారం తిరగకముందే మారిషస్ వాళ్ళు కూడా నిమ్మకాయలు పెట్టేశారు. 'నా బిళ్ళ ముప్పావు నిమ్మకాయ.' 'నా బొమ్మ ఎత్తు మూడు నిమ్మకాయలు, కొంచెం ఎక్కువ.' 'మీది గూడూరు కాయా, నాటు కాయా? నాటు అయితే లెక్క కుదరదు.' దీని మీద గుంటూరు ఆయనా సింగపూర్ ఆయనా కొట్టుకుని చాలా రోజులు మాట్లాడుకోలేదు.

నేను చదివి వినిపిస్తే అత్త దగ్గొచ్చేదాకా నవ్వింది.

"కొలతకి కాదు, దిష్టికి అని రాసేదా?" అన్నాను.

"రాయొద్దుమే. దిష్టికంటే పెట్టరు, చదువుకున్నోళ్ళు. కొలతకంటే పెడతారు. ఎట్లనో వాళ్ళ సామానూ బాగుండనీ."

ఆ గ్రూపులో నిమ్మకాయ పెట్టని మనిషి ఒక్కరే. హైదరాబాద్ ఆయన. స్టీలు స్కేలు పెడతాడు. మేం ఆయనకి స్కేలు సారు అని పేరు పెట్టాం. ఆయన పుస్తకాలు పుస్తకాల్లా ఉండవు. గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య, నాలుగువైపులా అతికించి, గాలి కూడా చొరకుండా ఉంటాయి. ఒకరోజు ఆయన కొత్త ఫోటో పెట్టాడు. స్కేలు పక్కన, ప్లాస్టిక్ లోపల, లైట్‌హౌస్ అట్టబొమ్మతో ఆఖరి సంచిక.

అత్త ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది, వేడి గ్లాసు పట్టుకున్నట్టు. తర్వాత, "లోపల ఫోటో తీసి పంపమని అడగవా? మర్యాదగా అడుగు. నీ మాదిరి కాదు," అంది.

మర్యాదగానే అడిగాను. ఆయన ఫోన్ చేశాడు.

"తెరవడం కుదరదండీ. ఒక్కసారి తెరిస్తే దాని స్థాయీ, ధరా పడిపోతాయి."

"లోపల కథేందో మీరైనా చెప్పండి సార్."

"నేనూ చదవలేదండీ. నా దగ్గరికి వచ్చేటప్పటికే మూసి ఉంది."

నా ముక్కు మాట్లాడడం మొదలుపెట్టింది. "సార్, నేను కవర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాండా. మేం చేసే ప్రతి కవరుకీ మూలలో ఒక చిన్న గాటు పెడతాం. ఎందుకో తెలుసా? చింపేదానికి. అప్పడాల కవరుకి కూడా పెడతాం. మీ దానికి యాడుంది గాటు? గాటు లేంది కవరు కాదు సార్, సమాధి."

"మీరు ఏ ఊరి తెలుగండీ? నాకు సగమే అర్థమవుతోంది."

"అర్థమైన సగానికి జవాబు చెప్పండి!"

ఫోన్ పెట్టేశాడు. నేను గ్రూపులో ఆయన పరువు తీయడానికి ఒక పేరా తయారు చేసుకున్నాను. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, బాగా వచ్చింది. అత్త పంపనివ్వలేదు.

"తిట్టొద్దుమే. పట్టుకున్నేది వదల్లేకపోతాండాడు, అంతే. వాడూ ఉడుమే."

ఆ తర్వాత ఆమె ఆయన మీద ఒక యుద్ధం మొదలుపెట్టింది. నా యుద్ధం లాంటిది కాదు. రోజూ నా ఫోన్‌లో ఆయనకి మాట రికార్డు చేసి పంపేది. పుస్తకం ఊసే ఎత్తేది కాదు. "సార్, టిఫిన్ తిన్నారా? ఆడ వాన పడతాందా? ఈడ ఒకటే ఉక్క." ఆయన మొదట జవాబివ్వలేదు. తర్వాత 'తిన్నాను' అని ఒక ముక్క రాశాడు. ఇంకొన్నాళ్ళకి గొంతు పంపాడు: "మోకాళ్ళ నొప్పికి మీరు చెప్పిన నూనె రాశానమ్మా. మీ తెలుగు ఇప్పుడు ముప్పాతిక అర్థమవుతోంది." నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తెరవనివాడికి మోకాలి నూనె ఎందుకు? "నువ్వు నోరెత్తకుండా సుమ్మా ఉండు," అంది అత్త.

వానలు మొదలయ్యాక ఆమెకి ఆయాసం ఎక్కువైంది. కదిర్కామంలో ఆస్పత్రిలో చేర్చారు. గుండె అలిసిపోయిందన్నారు. ముక్కుకి గొట్టం పెట్టుకుని, "చూడుమే, నాకూ ముసుగు వచ్చింది," అంది. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుని స్కేలు సారుకి ఒకే మాట రాశాను. తిట్టలేదు. 'అత్త ఆస్పత్రిలో ఉంది. వాడింకా వేలాడుతున్నాడు.'

మర్నాడు ఆయన నుంచి వీడియో కాల్. భోజనాల బల్ల మీద ఆ ప్లాస్టిక్ పలక, ఆయన చేతిలో ఇనుము కోసే రంపం, నొసటి మీద చెమట. వెనక ఆయన భార్య.

"ఎక్కణ్ణించి కోయమంటారు?" అన్నాడు.

"రంపం పక్కన పెట్టండి సార్, పుస్తకం చీల్చేస్తారు. అతుకు కనిపిస్తాంది కదా, అంచున తెల్లగీత. మూలలో ఆ గీత మీద పలచటి చాకు మొన పెట్టి తిప్పండి. మేం గాటు పెట్టే చోటే."

"విరిగిపోతుందేమో."

"విరగాల్సింది ప్లాస్టికే."

"మీరు లేవండి, నేను తీస్తాను. టమాటాలు కూడా ఇట్లా వణుకుతూనే కోస్తారీయన," అంది భార్య.

"లేదు. నేనే," అన్నాడు.

టక్కుమని చప్పుడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. భార్య వంగి, "అబ్బా, పాత పుస్తకాల వాసన!" అంది. ఆయన కళ్ళు తెరిచి, పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. నా కోపం అంతా ఎటు పోయిందో తెలియలేదు. తయారుగా ఉన్న పేరా వృథా అయింది.

పేజీలన్నీ ఒక్కొక్కటిగా ఫోటోలు తీసి పంపాడు. ఆ సాయంత్రం మంచం పక్కన నిలబడి నేను గట్టిగా చదివాను, ఢాం ఢమాల్ సహా. పక్క మంచం ముసలామెకి తెలుగు రాదు. అయినా నేను ఆగినప్పుడల్లా "అప్పురం? అప్పురం?" అని, తర్వాతేమైందో చెప్పమని తొందరపెట్టింది. అత్త తమిళంలో ఆమెకి సగం సగం చెబుతూ, మధ్యలో తన కథ కూడా కలిపేస్తోంది. ఆఖరి పేజీ వచ్చింది. గాలివాన. వేలాడుతున్న చెయ్యి జారుతోంది. పైనుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. కింద రాసింది చదివాను: 'సరైన సమయానికి పోలీసులు వచ్చి అతణ్ణి కాపాడారు. శుభం.'

అత్త నన్ను చూసింది. "అంతేనా?"

"అంతే అత్తా."

"పోలీసోళ్ళు వచ్చి కాపాడేదానికి వాడు చడ్డీ పైన ఏసుకున్నేది ఎందుకుమే?"

ఆమె ఫోన్ లాక్కుంది. రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"ఈ చెయ్యి చూడు. పోలీసోళ్ళకి నల్ల కోటు యాడుంది?"

చూశాను. పైనుంచి వచ్చిన ఆ చేతికి నల్ల చొక్కాచెయ్యి. ఆ పుస్తకాల్లో రంగులు ఎప్పుడూ గీత దాటేవే కదా, రాత్రి ఆకాశం నలుపు పాకి ఉండొచ్చు. అదే అన్నాను.

"మేనమామే," అంది అత్త. పక్క మంచం వైపు తిరిగి, "మామా దా!" అని తమిళంలో కూడా ప్రకటించింది. ఆ ముసలామె చప్పట్లు కొట్టింది. నర్సు వచ్చి, ఇది వార్డా సంతా అని కసురుకుంది. అత్త గొట్టం సర్దుకుని, నర్సుకి వినబడకుండా చెప్పింది: "ఇన్నాళ్ళు కొట్టినోడే లాగినాడు. ఇంకెవురు లాగతారు? చెప్పినా కదా, రాసినోడికి తెలీలా."

కొన్ని రోజులకి ఇంటికి పంపారు. కొట్లో కూడా కాసేపు కూర్చుంది. తర్వాత ఒక పొద్దున లేవలేదు.

నేను ఇల్లు చేరేటప్పటికి వీధంతా ఉంది. ఆమె కూతురు నన్ను పట్టుకుని ఏడ్చి, కాసేపటికి కళ్ళు తుడుచుకుని అంది: "పెట్టెలన్నీ కొట్లోనే ఉంటాయిమే. ఎవురొచ్చినా చదవనీ. చేతులు కడుక్కోమని కూడా చెప్పొద్దు, అమ్మ చెప్పేది కాదు." మళ్ళీ కొట్టు తెరిచిన రోజు గల్లాపెట్టె మీది గ్లాసులో నీళ్ళు ఆమే మార్చింది.

మళ్ళీ పనికి వెళ్ళినప్పుడు సూపర్‌వైజర్ నా గ్లౌజులు భద్రంగా తీసి పెట్టి ఉంచాడు. రిజిస్టరు ముందు పెట్టుకుని, "కారణం రాయాలమా. ఇంతకీ ఆమె నీకు ఏమి కావాల?" అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

"మేనమామ," అన్నాను.

"ఆడమనిషి కదా?"

"అవును సార్. మేనమామే."

ఆయన నా ముక్కు వైపు ఒకసారి చూసి, అట్లాగే రాసుకున్నాడు.

గ్రూపులో అత్త పోయిందని నేను రాసినప్పుడు అందరూ పొడుగు పొడుగు మాటలు రాశారు. స్కేలు సారు మాత్రం ఒక ఫోటో పెట్టాడు. భోజనాల బల్ల మీద ఆఖరి పేజీ తెరిచి ఉంది. వానలో పైనుంచి దిగివచ్చిన ఆ నల్ల చెయ్యి. ఎవరో వేలితో తిప్పి తిప్పి చదివినట్టు పేజీ మూల కొంచెం మడత పడి ఉంది. స్కేలు లేదు. దాని చోట, కడిగి తుడిచిన నిమ్మకాయ ఒకటి.